నిశ్శబ్ద వాహనం

మా కొండసముద్రం పశువైద్యశాల జీపు గుర్రుమనడం మొదలుపెట్టే నాటికే ప్రభుత్వం నిశ్శబ్దంగా ఉండాలని తీర్మానించుకుని ఉంది. రెండూ ఒకే వేసవిలో జరగడం జీపు దురదృష్టం.

తీర్మానం ఎలా పుట్టిందో నాకు తెలిసినంతవరకు చెబుతాను. రాజధానిలో ఒక పెద్ద అధికారి మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుండగా, కిటికీ కింద ఏదో ప్రభుత్వ కారు పెద్ద చప్పుడు చేసుకుంటూ పోయిందట. ఆయనకు మెలకువ వచ్చింది. మెలకువ వచ్చింది కనుక ఏదో ఒకటి చేయాలి కాబట్టి, సాయంత్రానికల్లా ‘నిశ్శబ్ద పాలన’ అనే పథకం తయారు చేశారు. దానికి పెదవుల మీద వేలు పెట్టుకున్న మనిషి బొమ్మ ఒకటి గుర్తుగా వచ్చింది. ఉద్యోగులందరూ రోజూ ఉదయం లేచి నిలబడి చేయాల్సిన ప్రతిజ్ఞ వచ్చింది. ప్రతిజ్ఞ మనసులోనే చేయాలి. జిల్లాకొకటి చొప్పున ‘వాహన ధ్వని నిర్ధారణ విభాగం’ వచ్చింది. మా జిల్లా విభాగానికి కులశేఖర్ గారిని అధికారిగా వేశారు. అంతకుముందు ఆయన తూనికలు, కొలతల శాఖలో ఉండేవారు. తక్కెడలో పడనిది కొలవడం ఆయనకూ కొత్తే.

నేను ఆ పశువైద్యశాలలో ఆఫీసు పని చూసే సీనియర్ అసిస్టెంటును. పేరు ఓబులేసు. నియమాలంటే నాకు గౌరవం. పై నుంచి వచ్చిన ప్రతి ఉత్తర్వునూ నేను రెండుసార్లు చదువుతాను, ఒకసారి అర్థం కోసం, ఇంకొకసారి అర్థం లేకపోయినా పరవాలేదని తెలుసుకోవడం కోసం. నిశ్శబ్ద పాలన నిబంధనల్లో అన్నిటికన్నా నాకు బాగా నచ్చినది ఇది: ‘చలనమందు శబ్దము చేయు ఏ ప్రభుత్వ వాహనమునైనను, సదరు శబ్దము నిర్ధారింపబడి, నామకరణము గావింపబడి, వర్గీకరింపబడు వరకు, ఎట్టి మరమ్మతునకును గురిచేయరాదు.’

ఇందులో న్యాయం ఉంది. బండి బాగు చేసేశాక శబ్దం ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తారు?

జీపులో చప్పుడు మొదట విన్నది డ్రైవరు దస్తగిరి. సైలెన్సరు వదులైందనుకుని దానికి కట్టుతీగ బిగించాడు. చప్పుడు పోలేదు. మడ్‌గార్డు ఊగుతోందనుకుని దానికీ బిగించాడు. ఆ తర్వాత, కనిపించిన ప్రతిదానికీ తీగ బిగించాడు. అప్పుడు పోయి మా డాక్టరు హైమవతి గారితో చెప్పాడు.

“బండి గుర్రుమంటాంది మేడం. నేను తోలడంలో తప్పు కాదు, మీరే కూచ్చొని ఇనండి.”

హైమవతి గారిది హిందూపురం వైపు. పశువు నోరు తెరిచి చెప్పదు కాబట్టి చూసి, విని, తాకి రోగం పట్టడం ఆవిడ వృత్తి. జీపు కూడా నోరు తెరిచి చెప్పేది కాదు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని దస్తగిరిని వేగంగా పొమ్మన్నారు, నిదానంగా పొమ్మన్నారు. వేగం పెరిగితే గుర్రు పెరిగింది, తగ్గితే తగ్గింది. ఊరి బయట కోనమిట్ట దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదలమన్నారు. ఇంజను సద్దుమణిగినా గుర్రు మాత్రం అలాగే ఉంది. అంటే తప్పు ఇంజనుది కాదు. తర్వాత మార్కెట్ యార్డు మైదానంలోకి పోనిచ్చి ఎడమకు తిప్పమన్నారు, కుడికి తిప్పమన్నారు. ఎడమకు తిప్పి బరువు కుడి వైపు పడినప్పుడల్లా గుర్రు గట్టిపడింది, కుడికి తిప్పితే మెత్తబడింది. బండి ఆపించి, దిగి, ముందర కుడి చక్రం నడిమధ్య వేలు ఆనించి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకున్నారు.

“ఈ చక్రం బేరింగు పోయింది దస్తగిరీ. కాలిపోతాంది చూడు. ఇట్లే తోలితే యాడో ఒక చోట చక్రం ఊడి వస్తాది.”

ఆవిడ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, సాయంత్రంలోగా బేరింగు మార్పించేస్తే మరునాడు పల్లెలకు పోవచ్చని అన్నారు. ఆ తొందరకు కారణం ఉంది. తొలకరి పడి లేతగడ్డి మొలిచిందంటే మా వైపు గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున మేస్తున్న గొర్రె మధ్యాహ్నానికి ఉండదు. అందుకని వాన పడకముందే మండలంలో ఉన్న మందలన్నిటికీ టీకాలు వేసేయాలి. టీకామందు మా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది. ఆకాశంలో మబ్బులు ఇంకా సిద్ధం కాలేదు కానీ, ఆ ప్రయత్నంలో ఉన్నాయి.

నేను నిబంధన చదివి వినిపించాను. ఆవిడ, తన సొంత డబ్బుతో మార్పించుకుంటానన్నారు. ప్రభుత్వ శబ్దాన్ని ప్రైవేటు వ్యక్తి తొలగించడం ఆస్తి నష్టం కిందికి వస్తుందని నేను మర్యాదగానే చెప్పాను. ఆవిడ నా వైపు కాసేపు చూశారు. పశువుల డాక్టర్లు అలా చూస్తే మన పళ్ళు లెక్కపెడుతున్నట్టుంటుంది.

విభాగానికి కబురు పంపాము. కులశేఖర్ గారు ఇద్దరు సహాయకులతో వచ్చారు. చెవులకు పెద్ద పెద్ద యంత్రాలు తగిలించుకున్నారు. వాహనాన్ని నడిపి చూద్దామని హైమవతి గారు అంటే, ఆయన చిరునవ్వు నవ్వి, శబ్దం చేసే వాహనంలో ప్రయాణించడం అధికారుల భద్రతకు భంగకరం కాబట్టి తనిఖీ నిశ్చల స్థితిలోనే జరగాలని నిబంధన ఉందని వివరించారు. జీపును ఆవరణలో నిలబెట్టారు. సహాయకులు దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశారు. కులశేఖర్ గారు బానెట్టు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. మేమందరం ఊపిరి బిగపట్టి నిలబడ్డాము. ఎక్కడో కోడి కూసింది. అది పరిధిలోకి రాదని ఒక సహాయకుడు చెప్పాడు.

“వాహనము సంపూర్ణ నిశ్శబ్దముగా ఉన్నది. ఇంతటి నిశ్శబ్దము నేను ఈ జిల్లాలో వినియుండలేదు,” అన్నారు కులశేఖర్ గారు కళ్ళు తెరిచి.

అక్కడికక్కడే ఆకుపచ్చ స్టిక్కరు ఒకటి తీసి ముందు అద్దానికి అంటించారు. దాని మీద ‘నిశ్శబ్ద వాహనం’ అని రాసి, పెదవుల మీద వేలు పెట్టుకున్న మనిషి బొమ్మ వేసి ఉంది. ఆయన వెళ్తూ వెళ్తూ, ధ్రువీకరణ పొందిన వాహనంతో ఇకమీదట శబ్దం చేయించినట్టయితే అది డ్రైవరు క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించబడుతుందని హెచ్చరించారు. దస్తగిరి స్టిక్కరు వైపు, చక్రం వైపు మార్చి మార్చి చూశాడు. మరునాడు అతను పాల కేంద్రం దాకా జీపు తోలితే గుర్రుమంది, విన్నవాళ్ళెవరో విభాగానికి చెప్పారు, సాయంత్రానికి అతనికి మెమో వచ్చింది. ఆ మెమో తీసుకుని నా దగ్గరికి వచ్చి, తాను ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ గుర్రుమనలేదని చెప్పుకున్నాడు. నేను జీపును షెడ్డులో పెట్టించి తాళం వేయించాను. టీకామందు శాఖ వాహనంలో తప్ప బయటికి పోకూడదు, కనుక టీకామందు కూడా ఆగింది.

హైమవతి గారు అప్పీలు చేశారు. శబ్దం చలనంలోనే వస్తుందని, నిలబెట్టి వింటే రాదని రాశారు. దానికి విభాగం చాలా ఆలోచించింది. చలనం కావాలి, నిశ్చల తనిఖీ నిబంధన తప్పకూడదు. కులశేఖర్ గారు రెంటికీ మధ్యమార్గం కనిపెట్టుకుని వచ్చారు. ఇంజను వేయకుండా మనుషులు తోస్తే అది సాంకేతికంగా ప్రయాణం కిందికి రాదట, స్థానభ్రంశం కిందికి వస్తుందట. మా అటెండర్లు నలుగురూ జీపు వెనక చేరి తోశారు. కులశేఖర్ గారు పక్కనే నడుస్తూ విన్నారు. మే నెల ఎండ. ఆవరణ చివరి దాకా పోయి వచ్చేసరికి ఒక శబ్దమైతే స్పష్టంగా వినిపించింది. అటెండర్ల ఆయాసం. దానిని నమోదు చేసుకున్నారు. అటెండర్లు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకునే దాకా తోపుడు తనిఖీలు నిలిపివేయాలని సిఫార్సు చేశారు.

ఆ వారం మబ్బులు దిగువకు వచ్చాయి.

బొమ్మలకుంట నుంచి ఎర్రిస్వామి వచ్చాడు. ఆ చుట్టుపక్కల కాపరులకు అతను పెద్ద. పోయిన ఏడాది తన మందలో సగం చిటుక రోగానికి పోగొట్టుకున్నవాడు. భుజం మీది కంబళి తీసి వరండా మెట్టు మీద పరచుకుని కూర్చుని, డాక్టరమ్మ ఎప్పుడు వస్తుందో చెప్పేదాకా లేవనన్నాడు. హైమవతి గారు వచ్చి పక్కనే కూర్చున్నారు. నేను కిటికీ లోంచి వింటున్నాను. జీపు సంగతి, స్టిక్కరు సంగతి ఆవిడ చెప్పారు. అతను అంతా విని, ఒక్కటే అడిగాడు.

“అట్లయితే మా గొర్లను గూడా ఆ సార్లకు చూపిస్తే చావకుండా ఉంటాయని స్టిక్కరు అంటిస్తారా అమ్మా?”

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, బల్ల దగ్గరికి పోయి ఆ ఉత్తర్వును మూడోసారి చదివాను.

రెండో అప్పీలుకు ఒక ఉపసంఘం వేశారు. అందులో కులశేఖర్ గారితో పాటు, శబ్దానికి పేరు పెట్టడం కోసం ఒక భాషా పండితుడు, స్థాయి నిర్ణయించడం కోసం ఒక సంగీతం మాస్టారు ఉన్నారు. జీపు తీయడానికి వీల్లేదు కనుక, ఆ శబ్దం ఎలా ఉంటుందో దస్తగిరిని నోటితో చేసి వినిపించమన్నారు. మా సమావేశపు గదిలో కుర్చీ మధ్యలో వేసి అతన్ని కూర్చోబెట్టారు. అతను సిగ్గుపడుతూ గొంతు సవరించుకుని, “గుర్ర్ర్” అన్నాడు.

ఇంకొంచెం వేగంగా పోతున్నట్టు చేయమన్నారు. చేశాడు. ఎడమకు తిరుగుతున్నట్టు చేయమని హైమవతి గారు అడిగారు. దస్తగిరి కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి గట్టిగా గుర్రుమన్నాడు. నిజం చెప్పొద్దూ, అచ్చం జీపులాగే ఉంది. సంగీతం మాస్టారు మంద్రస్థాయి అన్నారు, శ్రుతి నిలబడటం లేదన్నారు. భాషా పండితుడు అధికారిక ధ్వని పట్టిక తీసి చూశారు. అందులో కిర్రు, కీచు, టకటక, దడదడ, గణగణ, బుస్సు ఉన్నాయి. గుర్రు లేదు. గుర్రు అనేది నిద్రకు సంబంధించిన శబ్దమనీ, అది వాహనాల పట్టికలో కాక సిబ్బంది పట్టికలో చేరుతుందనీ ఆయన తేల్చారు. దానితో ఉపసంఘానికి దారి దొరికింది. నివేదిక మరునాడే వచ్చింది: ‘విచారణలో సదరు శబ్దము డ్రైవరు నోటినుండి వెలువడుచున్నట్లు ప్రత్యక్షముగా నిర్ధారింపబడినది. వాహనము నిర్దోషి.’

దస్తగిరిని గొంతు డాక్టరు దగ్గరికి పంపారు. గొంతు డాక్టరు బాగా చూసి, గొంతులో దోషమేమీ లేదన్నాడు. ఆ మాట విభాగంలో ఎవరికీ నచ్చలేదు.

హైమవతి గారు మూడో అప్పీలు చేయలేదు. ఆవిడ నా దగ్గర కూర్చుని, విభాగం వాళ్ళకు ఏమంటే ఇష్టమని అడిగారు. నేను దాచకుండా చెప్పాను. యాత్రలంటే ఇష్టం, దండలంటే ఇష్టం, ఫొటోలంటే ఇష్టం. ఆవిడ అప్పటికప్పుడు చెబుతుంటే నేను రాసిపెట్టాను. జిల్లాలోకెల్లా నిశ్శబ్దమైన వాహనంగా పేరు పొందిన మా జీపును గ్రామీణ ప్రజల చైతన్యం కోసం ఊరేగించదలిచామనీ, ఈ ‘నిశ్శబ్ద చైతన్య యాత్ర’ కొండసముద్రం నుంచి బొమ్మలకుంట దాకా సాగుతుందనీ, ఉపసంఘం వారు స్వయంగా వాహనాన్ని అలంకరించాలనీ దాని సారాంశం. అనుమతి తిరుగుటపాలో వచ్చింది.

యాత్ర రోజు జీపుకు బంతిపూల దండలు కట్టారు. వెనక సీట్లో కులశేఖర్ గారు, సంగీతం మాస్టారు, భాషా పండితుడు. వాళ్ళ కాళ్ళ దగ్గర టీకామందు ఉన్న మంచు పెట్టె. అది శాఖ వాహనమే కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది. ముందు దస్తగిరి, పక్కన హైమవతి గారు, వారి మధ్య ఇరుక్కుని నేను. బయలుదేరేముందు ఆవిడ వెనక్కి తిరిగి ఉన్నదున్నట్టు చెప్పారు.

“సార్, ముందర కుడి చక్రం నమ్మేట్టు లేదు. ఎద్దుల బండి మాదిరి పోతాం, అయినా నేను ముందే చెప్తాండాను. భయముంటే దిగండి.”

కులశేఖర్ గారికి కోపం రాలేదు. జాలి వేసింది. “ధ్రువీకరణ పొందిన వాహనము చక్రము కోల్పోవుటకు నిబంధనలలో అవకాశము లేదమ్మా,” అన్నారు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కోనమిట్ట ఎక్కి దిగేసరికి గుర్రు మొదలైంది. ఇన్నాళ్ళు షెడ్డులో మూలుగుతూ ఉన్న జీపు తన కష్టమంతా ఒక్కసారి చెప్పుకోవాలనుకున్నట్టుంది. కాళ్ళ కింద రేకు అదిరింది. దండల్లోంచి పూలు రాలాయి. నేను మెల్లగా వెనక్కి చూశాను. ముగ్గురూ వింటున్నారు. వినపడుతున్నట్టు ఒక్కరి ముఖమూ ఒప్పుకోలేదు. వాహనం నిశ్శబ్దమైనదని ముగ్గురూ సంతకాలు పెట్టి ఉన్నారు.

సంగీతం మాస్టారు ఏదో అన్నారు. కులశేఖర్ గారు ఏమిటన్నారు. మాస్టారు ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచారు.

“ఎంత ప్రశాంతంగా ఉంది సార్.”

“ఏమిటీ?”

“ప్రశాంతంగా ఉంది అంటున్నాను.”

భాషా పండితుడు కూడా గొంతు చించుకుని, ఇంతటి మౌనంలో తనకు పద్యం చెప్పాలనిపిస్తోందన్నారు. చెప్పారు కూడా. ఆయన నోరు కదలడం కనిపించింది. అయిపోగానే మిగతా ఇద్దరూ తల ఊపి మెచ్చుకున్నారు. దారి పక్క పొలాల్లో పురుగులు ఏరుకుంటున్న కొంగలన్నీ లేచిపోయాయి. దస్తగిరి పళ్ళ బిగువున స్టీరింగు పట్టుకుని, ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ పెదవులు కదుపుతున్నాడు. తన దేవుడిని తలుచుకుంటున్నాడని నాకు అర్థమైంది. నేనూ నా దేవుడిని తలుచుకున్నాను.

బొమ్మలకుంట కనుచూపు మేరలో ఉండగా, చివరి మలుపు తిరుగుతున్నప్పుడు, ఉన్నట్టుండి గుర్రు ఆగిపోయింది. జీపు కుడి వైపుకు ఒరిగి, నేలను రాసుకుంటూ కొంచెం దూరం పోయి, మట్టిలో దిగబడి నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సమయానికి మమ్మల్ని దాటుకుని ఒక చక్రం ముందుకు పోయింది. అది తొందరలేకుండా, దారి తెలిసినట్టు, వేరుశెనగ చేను గట్టు ఎక్కి, దిగి, గొర్రెల మందలోకి పోయి పడుకుంది. గొర్రెలు కొంచెం జరిగి దానికి చోటిచ్చాయి.

కులశేఖర్ గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు.

“ఆ చక్రం ఎవరిది?”

“మనదే సార్,” అన్నాడు దస్తగిరి.

హైమవతి గారు అప్పటికే దిగి మంచు పెట్టెను చేతికి తీసుకున్నారు. ఆ రోజుల్లో మా మండలం మందలన్నీ అక్కడే, గుట్టకు ఇవతలా అవతలా మేస్తుంటాయి. ఎర్రిస్వామి మోపెడ్ వేసుకుని ఎదురొచ్చాడు. దాని సైలెన్సరుకు చిల్లు ఉండటం వల్ల, అది ఊరి మొదట్లో ఉన్నప్పుడే ఊరి చివర ఉన్నవాళ్ళకు తెలిసిపోతుంది. ఆవిడ పెట్టె ఒడిలో పెట్టుకుని వెనక కూర్చున్నారు. టీకామందు శాఖ వాహనం దిగిపోతోందని నాకు తెలుసు. నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూశారు. నోరు మూసుకున్నాను. మోపెడ్ పొగ వదులుతూ గుట్ట వైపు పోయింది. పొద్దుగూకేదాకా ఆవిడ మంద తర్వాత మందకు సూదులు వేస్తూనే ఉన్నారు. ఎర్రిస్వామి ఒక్కొక్క గొర్రెనూ పట్టుకుని ఇస్తూ, ప్రతిసారీ దాని తల్లి ఎవరో చెబుతూ ఉన్నాడట.

ఉపసంఘం మాత్రం జీపులోంచి దిగలేదు. ఒరిగిన సీట్లోనే ఒకరి మీద ఒకరు ఆనుకుని కూర్చుని నివేదిక తయారు చేశారు. దాని ప్రతి తర్వాత నా బల్ల మీదికి వచ్చింది: ‘ముందర కుడి చక్రము విడివడిన తక్షణమే సమస్త శబ్దములును ఆగిపోయినవి. దీనిని బట్టి శబ్దమునకు మూలము చక్రమని, వాహనము కాదని తేలుచున్నది. ప్రస్తుతము వాహనము శాశ్వత నిశ్శబ్ద స్థితిని చేరుకున్నది.’

తొలకరి ఆ వారంలోనే పడింది. లేతగడ్డి వచ్చింది. మా మండలంలో గొర్రెలు కడుపునిండా మేసి, సాయంత్రం అన్నీ ఇంటికి వచ్చాయి.

ఇంతవరకు సంతోషమే. అయితే నివేదిక రాజధానికి పోయింది. అక్కడ దాన్ని చదివిన వాళ్ళకు ఒక వెలుగు కనిపించింది. శబ్దం వచ్చాక కనిపెట్టి, పేరు పెట్టి, వర్గీకరించడం కన్నా, శబ్దం రాకముందే ఆపడం మేలు కదా అనుకున్నారు. ‘కొండసముద్రం విధానం’ అని దానికి మా ఊరి పేరే పెట్టారు. ప్రతి ప్రభుత్వ వాహనానికీ ముందర కుడి చక్రం తీసి గోదాములో భద్రపరచాలని ఉత్తర్వులు వచ్చాయి. రెవెన్యూ వాళ్ళవి తీశారు. నీటిపారుదల వాళ్ళవి తీశారు. రోడ్డు రోలరుకు ముందర ఒకటే చక్రం ఉండేసరికి, అది కుడిదా ఎడమదా అనే విషయం మీద స్పష్టత కోరారు. అంబులెన్సులకు మినహాయింపు ఇచ్చే ప్రతిపాదన పరిశీలనలో ఉందన్నారు. జిల్లాలో వాహనాల శబ్దం గణనీయంగా తగ్గిందని పత్రికల్లో వచ్చింది. అది అబద్ధం కాదు.

మా పక్క మండలం నల్లగుట్ట. అక్కడి డాక్టరు యువకుడు, క్రమశిక్షణ కలవాడు. అతని జీపు కొత్తది, ఏ శబ్దమూ చేసేది కాదు. అయినా ఉత్తర్వు వచ్చిన పూటే చక్రం తీయించి పంపాడు. ఆ మండలంలో టీకాలు సగంలో ఆగిపోయాయి.

నిశ్శబ్ద పాలన సంబరాలు మా ఊళ్ళోనే జరపాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఉత్తమ నిశ్శబ్ద వాహనంగా మా జీపుకు షీల్డు ఇస్తారట. జీపు ఇంకా బొమ్మలకుంట దారిలోనే ఉండటం వల్ల, దాని తరఫున నన్ను అందుకోమన్నారు. ఆ ఉదయం నేను ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చేసరికి, వాకిట్లో ఎర్రిస్వామి మోపెడ్ నిలబడి ఉంది. హైమవతి గారు ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉన్నారు.

“ఓబులేసు గారూ, నల్లగుట్టలో గొర్లు రాలిపోతాండాయి. రాత్రి ఈయన బంధువులు వచ్చి చెప్పినారు. నాకు టీకామందు కావాల. ఈ పొద్దొక్క రోజు నాకు నియమం చెప్పకండి.”

నేను చెప్పాలనుకున్న నియమం నాలుక చివరకు వచ్చింది. వాకిలి మెట్టు మీద ఎర్రిస్వామి కంబళి పరవలేదు, కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు. నా వైపు చూడటం కూడా లేదు. నా నుంచి ఏమీ రాదని అతనికి ముందే తెలిసినట్టు మోపెడ్ హ్యాండిలు పట్టుకుని దారి వైపు చూస్తున్నాడు. నాకు అది చాలా కష్టంగా అనిపించింది. ఫ్రిజ్ తలుపు తీసి, ఉన్న మందు మొత్తం లెక్క చూడకుండా పెట్టెలో సర్ది, మంచు నింపి, పెట్టెను మోపెడ్ వెనక నేనే తాడుతో కట్టాను. ముడి వేయడం రాక రెండుసార్లు విప్పి కట్టేసరికి సభకు వేళయింది.

సభ కల్యాణమండపంలో జరిగింది. రాజధాని నుంచి సంచాలకులు వచ్చారు. చక్రాలు లేని శాఖల వాళ్ళందరూ ఆటోల్లో వచ్చారు. మొదట ప్రతిజ్ఞ. అందరం లేచి కళ్ళు మూసుకుని మనసులో చేసుకుంటున్నాము. గాలి కూడా ఆగినట్టుంది. అంతలో వీధిలోంచి, కిటికీలు గలగలమనేటట్టు, ఒక మోపెడ్ పోయింది. చాలాసేపు పోయింది. ఊరు దాటి కోనమిట్ట ఎక్కేదాకా వినపడుతూనే ఉంది.

సంచాలకులు కళ్ళు తెరిచి, అదేమిటని అడిగారు. కులశేఖర్ గారు కిటికీ లోంచి చూసి వచ్చి, అది ప్రైవేటు శబ్దమనీ, మన పరిధిలోకి రాదనీ విన్నవించారు. అందరూ తేలికపడ్డారు. షీల్డుకు నా పేరు పిలిచారు. కానీ సంచాలకులది చురుకైన చూపు. మోపెడ్ కిటికీ ముందు నుంచి పోతున్నప్పుడే ఒక కన్ను తెరిచి, దాని వెనక కట్టిన పెట్టె మీద శాఖ ముద్ర ఉండటం ఆయన చూశారు.

“శాఖ పెట్టె ప్రైవేటు శబ్దం మీద ఎలా పోతోంది? ఎవరిచ్చారు?”

నేను షీల్డు అందుకోవడానికి చేతులు చాచి ఉన్నాను. హైమవతి గారి పేరు చెబితే సరిపోతుంది, ఆవిడ అధికారి, నేను కింది ఉద్యోగిని. అది నియమమే. ఆ మాటే చెప్పబోయాను కూడా.

“నేనే ఇచ్చినాను సార్,” అన్నాను.

ఆ మాట మండపం చివరిదాకా వినిపించింది. నా గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

సంచాలకులు పక్కనున్న గుమాస్తాకు మెల్లగా ఏదో చెప్పారు. అప్పటికే పిలిచిన పేరు కాబట్టి, రాసి ఉన్న కార్యక్రమం ప్రకారం షీల్డు ఇవ్వక తప్పలేదు. ఫొటో తీసేటప్పటికి గుమాస్తా రాయడం కూడా పూర్తయింది. ఒక చేతిలో షీల్డు, ఇంకో చేతిలో మెమో పెట్టుకుని నేను నవ్వాను. ఆ ఫొటో మా ఆఫీసులో గోడకు ఉంది. రెండింటిలో ఏది ఏదో దూరం నుంచి తెలియదు.

మెమోకు ఆ రాత్రే సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమందికో సంజాయిషీలు రాసిపెట్టాను. దస్తగిరికి గుర్రు మీద కూడా నేనే రాసిపెట్టాను. ఫలానా నిబంధన, ఫలానా ఉపనిబంధన, ఫలానా ఉత్తర్వు అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి కలం కదలలేదు. చివరికి ‘ఇవ్వకపోతే గొర్రెలు చచ్చిపోతాయి కనుక ఇచ్చినాను’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. మా ఆవిడ చదివి, ఇది అందరికీ అర్థమవుతుంది, ప్రమాదం కాదా అని అడిగింది.

తెల్లవారి దాన్ని టపాలో వేసి ఆఫీసుకు వెళ్ళాను. నల్లగుట్ట నుంచి ఖాళీ పెట్టె తిరిగి వచ్చి వరండాలో ఉంది. అవతలి వైపు పల్లెలు ఇంకా మిగిలి ఉన్నాయని, జిల్లా కేంద్రం నుంచి కొత్త మందు బస్సులో వస్తోందని హైమవతి గారు చీటీ పెట్టి బస్టాండుకు వెళ్ళారు. వాకిట్లో ఎర్రిస్వామి మోపెడ్ దగ్గర దస్తగిరి గొంతుక్కూర్చుని, సైలెన్సరు చిల్లుకు కట్టుతీగ చుట్టబోతున్నాడు. వద్దులే, పల్లెల్లో జనానికి డాక్టరమ్మ వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, అట్లే ఉండనీ అని చెప్పి, నేను పెట్టె కడగడానికి పంపు దగ్గరికి తీసుకుపోయాను.